పక్కవాద్యాలు లేకుండా సభలు నిలవవు

సంపాదకులకు నమస్కారం.

త్యాగరాజ ఆరాధన నాడు పంచరత్న కీర్తనల గోష్ఠికి విజయవాడలో ఏ వేదికా చాలదు. నెల తిరిగేసరికి, ఆ గోష్ఠి జరిపిన సంగీత సభే (కచేరీలు ఏర్పాటు చేసే సంస్థ) నెలవారీ కచేరీకి వయొలిన్ వాయించేవారి కోసం పదిమందికి ఫోన్లు చేయాల్సి వస్తుంది. మన ఊళ్లో పాడేవారికి కొదవ లేదు, కొరతంతా పాటకు తోడుగా వాయించే వయొలిన్, మృదంగం వంటి పక్కవాద్యాలకే. సభల భవిష్యత్తు గురించి మాట్లాడేవారు ముందు పట్టించుకోవలసింది దీన్నే అని మా గట్టి నమ్మకం.

విజయవాడ సంగీత గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యుల్లో గాత్రానికి మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఉంటే, వయొలిన్‌కు అన్నవరపు రామస్వామి ఉన్నారు. బాలమురళి స్వయంగా వయొలిన్, వయోలా, మృదంగం వాయించారు. 1948లో మొదలైన ఆకాశవాణి కేంద్రం, ఘంటసాల పేరున్న ప్రభుత్వ సంగీత కళాశాల ఈ ఊరికి ఉన్నాయి. ఇన్ని ఉండి కూడా వాద్యకారులు తగ్గిపోవడానికి పెద్ద కారణం ఇంటర్మీడియట్. పదో తరగతి అయిపోగానే పిల్లలు కార్పొరేట్ కాలేజీ హాస్టళ్లలో చేరతారు. పాడే పిల్లలు గదిలోనైనా కూనిరాగం తీసుకుంటారు. మృదంగం పట్టుకునే పిల్లాడికి ఆ వీలుండదు, శబ్దమని వార్డెన్ ఊరుకోడు. రెండేళ్లు చేతులు ఆగితే వేళ్ల వేగం, నాదం రెండూ పోతాయి. మళ్లీ సాధనకు కూర్చునే ఓపిక చాలామందికి ఉండదు.

ఇక్కడ సభలు చేయగలిగినది చాలా ఉంది. ప్రతి ఆదివారం రెండు గంటలు ఒక గది తెరిచి ఉంచితే చాలు. ఇద్దరు గాయకులు, ఒక వయొలిన్, ఒక మృదంగం, పక్కన ఒక పెద్దాయన. మొదటి అరగంట వర్ణం (కచేరీ మొదట పాడే రచన) రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో. తర్వాత గాయకులు రాగాన్ని విస్తరించే ఆలాపనలో ఒక్కో సంగతి (చిన్న స్వర వాక్యం) పాడి ఆగితే వయొలిన్ దాన్ని అందుకోవాలి. ఆ తర్వాత ఎడుపు (తాళంలో పాట ఎత్తుకునే చోటు) తప్పకుండా కల్పనస్వరాలు, అంటే అప్పటికప్పుడు అల్లే స్వరాలు, చివర తని, అంటే మృదంగం ఒక్కటే వాయించే భాగం. ఏ కృతి పాడబోతున్నారో ముందుగా చెప్పకూడదు. కృతులు చక్కగా వాయించే వయొలిన్ విద్యార్థులు కూడా కచేరీలో తడబడేది ఈ అనుసరణ దగ్గరే. క్లాసులో గురువుగారి పాటకే అలవాటుపడిన చెవికి కొత్త గొంతు పట్టుబడదు.

శ్రుతి సంగతి ఇంకొకటి. అమ్మాయిలు ఎక్కువగా ఐదు, ఐదున్నర శ్రుతిలో (హెచ్చు స్థాయి), మగవారు ఒకటి, ఒకటిన్నరలో (తగ్గు స్థాయి) పాడతారు. ఒకే మృదంగం ఈ రెంటికీ చాలదు. హెచ్చు శ్రుతికి సుమారు 22 అంగుళాలది, తగ్గు శ్రుతికి 24 అంగుళాలది కావాలి. బలవంతంగా బిగిస్తే మూత (వాయించే తోలు) చిరుగుతుంది, వదులు చేస్తే నాదం చస్తుంది. రెండూ కొనే స్తోమత విద్యార్థికి ఉండదు కాబట్టి సభే రెండు మృదంగాలు, రెండు వయొలిన్లు కొని పూచీ మీద ఇవ్వాలి. మూతలు మార్పించడానికి, తంత్రులకు ఏటా కొంత సొమ్ము విడిగా కేటాయించాలి. అది లేకపోతే రెండో ఏడాదికే ఆ వాద్యాలు బీరువా ఎక్కుతాయి.

నెలవారీ కచేరీకి ముందు 45 నిమిషాలు యువ బృందానికి ఇవ్వాలి. ఒక వర్ణం, రెండు కృతులు, అందులో ఒకదానికి కల్పనస్వరాలు. సమయం మించితే మొదట కోత పడేది తని ఆవర్తనానికే, అంటే మృదంగం పిల్లాడి ఏకైక అవకాశానికే. అందుకని తనికి కనీసం ఎనిమిది నిమిషాలు ముందే రాసిపెట్టుకోవాలి. పాడినవారికి శాలువా, వాయించినవారికి కాఫీ అనే పద్ధతి ఇకనైనా పోవాలి. వాయించిన విద్యార్థికి 1,500 రూపాయలైనా కవరులో పెట్టి ఇవ్వాలి.

డబ్బెక్కడిది అంటారు. వార్షికోత్సవాల ఖర్చులో మూడోవంతు ఇటు మళ్లించాలి. ఐదు రోజుల ఉత్సవం నాలుగు రోజులైతే త్యాగయ్యకు అపచారం కాదు. మిగిలినదానికి శాశ్వత నిధి ఉండాలి: 10 లక్షలు డిపాజిట్ చేసి 6.5 శాతం వడ్డీ వస్తే ఏటా 65,000. అసలు ముట్టకూడదని నియమావళిలోనే రాసుకోవాలి. ఒక్క పెద్ద దాత మీద ఆధారపడిన సభ ఆయనతోనే ఆగిపోతుంది. ఏడాదికి వెయ్యి ఇచ్చే 200 మంది సభ్యులే దానికంటే గట్టి పునాది. దాతలకు ఆదాయపు పన్ను మినహాయింపునిచ్చే 80జీ గుర్తింపు ఉన్న సభలు చందాలు బ్యాంకు ద్వారానే తీసుకోవాలి, నగదుగా 2,000 రూపాయలు దాటితే దాతకు పన్ను మినహాయింపు రాదు. సర్వసభ్య సమావేశం అయిన 15 రోజుల్లో కార్యవర్గ జాబితాను సంఘాల రిజిస్ట్రార్‌కు దాఖలు చేయడం మరవకూడదు. అది లేక, కార్యదర్శి మారాక బ్యాంకులో సంతకాల మార్పు నిలిచిపోయి కచేరీలే ఆగుతాయి. కార్యవర్గంలో రెండు స్థానాలు 35 ఏళ్ల లోపువారికి, అందులో ఒకటి వాద్యకారులకు ఉంచాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. సీసీఆర్‌టీ (కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం) ఉపకార వేతనానికి 10 నుంచి 14 ఏళ్ల లోపే దరఖాస్తు చేయాలి. కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చేది 18 నుంచి 25 ఏళ్లవారికి, నెలకు 5,000 చొప్పున రెండేళ్లు. ఈ సంగతి తెలియక వయసు దాటిపోయిన పిల్లలు ఎందరో. సభలు ఆహ్వాన పత్రిక వెనకవైపు వీటిని అచ్చువేస్తే పైసా ఖర్చుండదు.

నగరపాలక సంస్థకు మా విన్నపం: యువ కళాకారుల నెలవారీ కచేరీలకు చిన్న హాళ్లు, కమ్యూనిటీ భవనాలు సాయంత్రం మూడు గంటలపాటు నామమాత్రపు అద్దెకు ఇవ్వండి. ఇంటర్ కాలేజీల యాజమాన్యాలు హాస్టల్లో రోజుకు ఒక్క గంట, ఒక్క గది సాధనకు కేటాయించాలి.

– కొందరు సంగీత సభల కార్యకర్తలు, విజయవాడ