'కథ' లోని చుక్క కనిపించాలి

హైదరాబాద్,
ఆదివారం

చిరంజీవి శారదకు,

నాన్న ఆశీర్వదించి వ్రాయునది. నిన్న సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంతా తిరిగాను. నువ్వు ఫోనులో చెప్పిన 32 అంగుళాల మానిటర్ చూశాను. ధర నువ్వు అనుకున్న 15 వేల లోపే ఉంది. అయినా అది కొనవద్దమ్మా.

దుకాణంలో కుర్రవాడు దానిమీద సినిమా వేసి చూపించాడు. దూరం నుంచి ముచ్చటగానే ఉంది. నేను కుర్చీ అడిగి, నువ్వు పనిచేసేంత దగ్గరగా కూర్చుని, పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లిన నీ పుస్తకం పుటలు తెరవమన్నాను. 'కథ' ఉన్న చోటల్లా 'కధ' అనిపించింది! థ కడుపులోని చుక్క మసకలో కలిసిపోయింది. ముప్ఫై ఏళ్లు ప్రూఫులు దిద్దినవాణ్ణి. ఆ చుక్క కోసం ఎన్ని రాత్రులు భూతద్దం పట్టుకున్నానో నువ్వు చూశావు. రోజంతా పుటలు పేర్చే నీ కళ్లకు ఆ తెర వద్దు.

కారణం ఏమిటంటే, ఆ తెరమీద బొమ్మను కట్టే చుక్కలు, అంటే పిక్సెళ్లు, అడ్డంగా 1920, నిలువునా 1080 మాత్రమే. నీ పాత 24 అంగుళాల తెరలోనూ అన్నే ఉన్నాయి. అవే చుక్కలను పెద్ద తెరమీద పరిస్తే ఒక్కొక్కటీ లావెక్కుతుంది. అంగుళానికి 92 ఉండేవి 69కి పడిపోతాయి. అక్షరం పెద్దదవుతుందే కాని, ఒక్క పంక్తి కూడా అదనంగా పట్టదు. అదే 27 అంగుళాల్లో 2560 × 1440 చుక్కల రకం, వాళ్లు క్యూహెచ్‌డీ అంటారు, తీసుకుంటే అంగుళానికి 109 వస్తాయి. అవే పుటలు అందులోనూ తెరిపించాను. 'లక్ష్మి'లో వత్తులు విడివిడిగా నిలిచాయి. ఎదురెదురు పుటలు రెండూ పక్కపక్కన చదివాను. మనసు నిండింది.

ఐపీఎస్ ప్యానెల్ ఉన్నదే తీసుకుందాం. పక్కకు జరిగి చూసినా రంగు అంతగా మారదు, ముఖచిత్రాల పనికి అది కావాలి. 144 హెర్ట్జ్, అంటే సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చే రకం వంటివి కంప్యూటర్‌లో ఆటలాడేవాళ్లకు. నీ డబ్బు వాటిమీద పెట్టకు. అల్లుడుగారు 32 అంగుళాల టీవీ చాలదా అన్నారట. చవక టీవీల్లో చాలావాటికి 1366 × 768 చుక్కలే ఉంటాయని ఆయనకు చెప్పు.

జీఎస్టీ పన్ను తగ్గింది కదా, దీని ధరా తగ్గుతుందని ఆగవద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది 32 అంగుళాలు దాటినవాటికి. మనం కొనేదానికి ముందునుంచీ 18 శాతమే.

ఎత్తు మార్చుకునే స్టాండుకు ఎక్కువ అడుగుతున్నారు. ప్రస్తుతానికి మామూలుది చాలు. తెర పై అంచు నీ కంటి మట్టానికి వచ్చేలా కింద నా పాత నిఘంటువులు పెట్టుకో. మెడ వంచి పనిచేయకు, నా మెడనొప్పి నీకు రాకూడదు.

ఈ 27 అంగుళాలదాని ధర నీ లెక్కకు 1,500 మించుతుంది. ఆ మొత్తం నేను ఇస్తాను, కాదనకు. ముందు నీ కంప్యూటర్ ఈ తెరకు 2560 × 1440 చుక్కల బొమ్మ పంపగలదో లేదో అల్లుడుగారిచేత చూపించు. పాతవాటిలో కొన్ని, తెరకు కలిపే హెచ్‌డీఎంఐ తీగ ద్వారా అంత పంపలేవు. సరిపోతుందంటే బుధవారంలోగా ఫోను చెయ్యి. తెరంతా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటిగా వేయించి, చచ్చిన, అంటే పనిచేయని, చుక్కలేవీ లేవని చూసుకుని, ఖమ్మం బస్సులో ఒళ్లో పెట్టుకుని నేనే తెస్తాను.

మీ నాన్న