ఆ పద్యంలో కసవు కూడా ఉంది

సంపాదకులు గారికి నమస్కారాలు.

ఏటా పంద్రాగస్టు దగ్గర పడేసరికి మన పాఠశాలల్లోనూ సాహిత్య సభల్లోనూ ఖడ్గ తిక్కన చాటువులు, అంటే నోటినోటా నిలిచిన విడి పద్యాలు, వినిపిస్తుంటాయి. పదమూడవ శతాబ్దిలో నెల్లూరు నేలిన మనుమసిద్ధి తరఫున గొల్లల నాయకుడు కాటమరాజు మీదికి కత్తి పట్టి వెళ్లిన తిక్కన, సేనను పోగొట్టుకుని, మళ్లీ బలం కూడగట్టుకుని వెళదామని ఇల్లు చేరాడు. భార్య చానమ్మ నీళ్లు తోడి, నులకమంచం అడ్డుపెట్టి, పసుపుముద్ద ఉంచి, ‘ముగురాఁడవార మైతిమి’, నీతో కలిపి ముగ్గురం ఆడవాళ్లమయ్యాం అన్నది. తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు విస్తట్లో పోసింది. అతడు తిరిగి వెళ్లి పోరాడి ప్రాణాలు విడిచాడు. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పిన ఉపాధ్యాయుడిగా నేనూ ఈ కథను వీరమాతల కథగానే చెబుతూ వచ్చాను. ఆ చెప్పడంలో పెద్ద లోటు ఉన్నదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది కనుక ఈ లేఖ రాస్తున్నాను.

తల్లి నోట వినిపించే పద్యం చివరి పాదాలు చూడండి. ‘కసవు’, అంటే గడ్డి, మేయబోయిన ‘పసులున్ విఱిగినవి తిక్క! పాలున్ విఱిగెన్’ అంటుందామె. ఓడి వెనుదిరగడాన్నీ, మంద చెదిరి రావడాన్నీ, పాలు పగిలిపోవడాన్నీ ఒక్క ‘విరుగు’ అనే క్రియలో ఇమిడ్చిన ఈ పద్యాన్ని మరో భాషలోకి మార్చడం అసాధ్యమని నా నమ్మకం. ఎండాకాలం సాయంత్రాల్లో మా నాయనమ్మ పొయ్యిమీద గిన్నె మూత తీసి, తరకలు తరకలుగా తేలిన పాలను చూసి, ఎవరో గతించినట్టు గొంతు తగ్గించి ‘విరిగినయ్యి రా’ అనేది. ఆ మాటలోని దిగులు తెలిసినవారికి ప్రోలమ్మ పలుకు ఎంత లోతుగా దిగుతుందో వేరే చెప్పనక్కరలేదు. శత్రువు బాణానికి వెరవని మనిషిని వంటింట్లోని పాలగిన్నె మళ్లీ యుద్ధానికి పంపింది.

అయితే మనం ఆ పద్యంలో పాలను మాత్రమే పట్టుకుని కసవును వదిలేశాం. ఆ యుద్ధానికి మూలమే గడ్డి. కాటమరాజు మందలను తోలుకొచ్చి, పుట్టిన కోడెదూడలను పుల్లరిగా ఇస్తానని మాట ఇచ్చి, నెల్లూరు సీమ బీళ్లలో మేపుకున్నాడని కథ. పుల్లరి అంటే బీడులో పశువు మేసిన గడ్డికి చెల్లించే పన్ను. వానలు లేక మేత కరవైందనీ, రాజుగారి ప్రియురాలి చిలుక గొల్లల బాణానికి చచ్చిందనీ, అందుకు ప్రతిగా రాజు పక్షంవారు ఆవులను చంపారనీ, దానితో పుల్లరి ఇవ్వబోమని కాటమరాజు తెగేసి చెప్పాడనీ కొమ్ములవారు గొల్లల ఇళ్ల ముందు తరతరాలుగా పాడుతున్నారు. చాటువు నెల్లూరు కోట వైపు నుంచి పలికితే, ఈ పాట మంద వైపు నుంచి పలుకుతుంది. పచ్చని బీడును, పొదుగు నిండిన ఆవును కొనియాడే ఆ పాటలో ప్రకృతి సౌందర్యం అలంకారం కోసం వచ్చింది కాదు, అది వాళ్ల బతుకు, వాళ్లకు దేశమంటే అదే. పాఠం చెప్పేటప్పుడు రెండు వైపులూ వినిపించకపోతే పిల్లలకు మిగిలేది వెన్నిచ్చినవాడికి ఇంట్లో జరిగిన అవమానం ఒక్కటే.

ఇంటివారి ఎత్తిపొడుపుతో యోధుణ్ణి కదిలించడం మన కావ్యాలకు కొత్త కాదు. పల్నాటి బాలచంద్రుణ్ణి కదనానికి కదిలించింది బొంగరం తగిలి కాలు నొచ్చిన ఒక పడుచు మాట. భారతం ఉద్యోగపర్వంలో విదుల అనే తల్లి, సింధురాజు చేతిలో ఓడి పడుకున్న కొడుకును ఊకనిప్పులా పొగలు కక్కుతూ బతకవద్దని, తుమికి కొరివిలా క్షణకాలమైనా భగ్గున మండమని నిలదీస్తుంది. తుమికి కట్టె చిటపటలాడుతూ నిప్పురవ్వలు చిమ్మడం అడవి అంచు పల్లెల వారందరూ చూసినదే. ఇంత చక్కటి పోలిక కన్నకొడుకును పోరుకు తోలడానికి పనికి రావడం నన్ను కలవరపెడుతుంది.

దీనికి భిన్నమైన ఘట్టం అదే భారతంలోని ద్రోణపర్వంలో ఉంది. పద్నాలుగో నాటి రాత్రి, ఘటోత్కచుడు కూలిన తరువాత, నిద్ర ముంచుకొచ్చి ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియని స్థితిలో, చంద్రుడు పొడిచేదాకా పడుకోండని అర్జునుడు రెండు సేనలకూ చెబుతాడు. ఏనుగు మూపుల మీద, గుర్రాల మీద, రథాల్లో, కటిక నేల మీద ఎక్కడివారక్కడ ఒరిగిపోతారు. కౌరవ సైనికులు సైతం అతణ్ణి దీవిస్తారు. ఆపైన వెన్నెల మెల్లగా పరుచుకుంటుంది, సేనలు మేల్కొంటాయి, యుద్ధం మళ్లీ మొదలవుతుంది. నేను చదివినంతలో యుద్ధకవిత్వంలో ఇంతకన్న అందమైన, ఇంతకన్న భయంకరమైన చంద్రోదయం లేదు. ఆ రాత్రి నిద్రపోయినందుకు ఎవరినీ ఎవరూ ఆడవారితో పోల్చలేదు. ఈ యుద్ధపర్వాలను తెలుగు చేసిన తిక్కన సోమయాజి ఖడ్గ తిక్కనకు పినతండ్రి కొడుకు. ఒకే ఇంట ఒక తిక్కన కత్తి పట్టాడు, మరొక తిక్కన గంటం పట్టాడు. పిల్లలకు ఈ రెండూ పక్కపక్కనే చదివి వినిపించాలని నా కోరిక.

దేశభక్తి మాటకు వస్తే, పుల్లరి అన్న పదం కాటమరాజుతోనే ముగిసిపోలేదు. పల్నాడు అడవుల్లో పశువుల మేతకు ఆంగ్ల ప్రభుత్వం వసూలు చేసిన పుల్లరిని ఎదిరించిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకి గుళ్లకు బలయ్యాడు. దాదాపు ఏడు శతాబ్దాల ఎడం ఉన్న ఈ రెండు కథల్లోనూ గొడవ పశువు నోటి కాడ గడ్డిదే. ఒకదాన్ని వీరగాథ అని, మరొకదాన్ని స్వాతంత్ర్య సమరమని వేర్వేరు పుస్తకాల్లో పెట్టి చదివిస్తున్నాం.

కొన్నేళ్ల క్రితం నేను ఆ పాలు విరిగిన పద్యం రాగయుక్తంగా చదివి ముగించగానే, వెనుక బెంచీలో కూర్చునే ఒక కుర్రవాడు లేచి, ‘వాళ్లమ్మ తరువాత ఏడ్చిందా మాస్టారూ?’ అని అడిగాడు. వాళ్ల నాన్న సైన్యంలో ఉండేవాడు. చాటువులో దానికి జవాబు లేదు, నా దగ్గరా లేకపోయింది. పాఠ్యపుస్తకాలు కూర్చే పెద్దలు ఈ పద్యాలను తప్పక ఉంచాలి. వాటి కిందనే పుల్లరి అంటే ఏమిటో నాలుగు వాక్యాలు, కాటమరాజు కథ నుంచి గొల్లల పక్షం పలికే ఒక భాగం, ద్రోణపర్వంలోని ఆ వెన్నెల ఘట్టం చేర్చవలసిందిగా మీ పత్రిక ద్వారా వారిని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
నెల్లూరు