సైకిల్ వెంట పరిగెత్తే కుక్క తనంతట తాను ఆగదు

సంపాదకులు గారికి,

విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే సైకిల్ తొక్కుతూ పక్కన కుక్కను పరిగెత్తించేవాళ్లు ఈ మధ్య తరచూ కనిపిస్తున్నారు. సంతోషమే. ఫ్లాట్‌లో రోజంతా పడుకునే లాబ్రడార్‌కి పది నిమిషాల నడక ఏ మూలకీ చాలదు. నేనూ మా కుక్కని రెండేళ్లుగా అలాగే తిప్పుతున్నాను.

కానీ పోయిన ఆదివారం కురుసుర సబ్‌మెరైన్ దగ్గర చూసింది మర్చిపోలేకపోతున్నాను. తొమ్మిది దాటింది, ఎండ చుర్రుమంటోంది. ఒక కుర్రాడు గొలుసు హ్యాండిల్‌కి చుట్టి సైకిల్ తొక్కుతున్నాడు. కుక్క నాలుక బయటికి వేలాడిపోయింది, కుంటుతోంది. ఆపి ముందుకాలు ఎత్తి చూస్తే, పాదం కింద మెత్తటి చర్మం బొబ్బెక్కి ఊడిపోయింది. నీడకి తీసుకెళ్లి, నా బాటిల్‌లో నీళ్లు దాని పొట్ట మీద, పాదాల మీద పోశాం. ఆ అబ్బాయి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "నాతో వస్తూనే ఉంది కదా ఆంటీ, అలిసిపోయిందని తెలీలేదు" అన్నాడు.

అతనిది చెడ్డ మనసు కాదు, చెప్పినవాళ్లు లేరు. కుక్క యజమాని వెంట కూలబడేదాకా పరిగెడుతుంది. దానికి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. వగర్చడం ద్వారానే ఒంట్లో వేడి తగ్గించుకోవాలి. మన ఊరి ఉక్కపోతలో ఆ వగర్పు కూడా సరిగ్గా పనిచేయదు. కుక్క ఒంటి వేడి మామూలుగా 38, 39 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది, 41 దాటితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఎండెక్కకముందే ఇంటికి చేరాలి. అరచేతి వెనకవైపు తారు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే కుక్క అక్కడ నడవకూడదు.

గొలుసు హ్యాండిల్‌కి కట్టొద్దు, చేతికి చుట్టుకోవద్దు. పెదజాలరిపేట వైపు వీధికుక్కలు ఒక్కసారి మీదికొస్తే ఇద్దరూ రోడ్డు మీద పడతారు. మెడపట్టీ కాకుండా ఛాతీకి వేసే బెల్టు వాడి, సీటు కింద కడ్డీకి స్ప్రింగు ఉన్న పట్టీతో కలపాలి. కుక్క ఎడమవైపే ఉండాలి, అప్పుడు బళ్లు దాని పక్కనుంచి పోవు. మొదటి వారం సైకిల్ నడిపించుకుంటూ అలవాటు చేస్తే చాలు. ఏడాదిన్నర నిండని కుక్కపిల్లల్ని, పగ్ లాంటి చప్పిడిముక్కు కుక్కల్ని అసలు పరిగెత్తించొద్దు. స్కూటర్‌కి కట్టి లాక్కెళ్లేవాళ్లూ కనిపిస్తున్నారు. మూగజీవాన్ని బాధపడేలా పరిగెత్తించడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం.

నగరపాలక సంస్థ (జీవీఎంసీ) వారికి నా విన్నపం: బీచ్ రోడ్డులో రెండు మూడు చోట్ల కుక్కలకు అందేలా నీటి తొట్టెలు, పక్కనే ఈ జాగ్రత్తలు తెలుగులో రాసిన బోర్డు పెట్టించండి. జులై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం నాడు ఉచిత రేబిస్ టీకాల కోసం కుక్కల్ని పట్టుకుని క్యూ కట్టేవాళ్లకి పశువైద్యులు ఈ నాలుగు మాటలూ చెబితే ఇంకా మంచిది.

— ఒక పాఠకురాలు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం