డబ్బు రావడానికి పిన్ ఎందుకు?

సంపాదకునికి,

మా పాత కూలర్‌ను మూడు వేలకు అమ్ముతానని ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టాను. పది నిమిషాల్లో ఫోన్. మిలిటరీలో పనిచేస్తున్నానన్నాడు, బేరం కూడా ఆడలేదు. బేరమాడకుండా పాత సామాను కొనే మనిషి బెజవాడలో ఉంటాడా? అక్కడే అనుమానం రావాల్సింది. క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు పడుతుందన్నాడు. కొట్టాను, నా మూడు వేలే పోయాయి. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదని మా అమ్మాయి చెప్పేదాకా తెలియదు. వెంటనే సైబర్ మోసాలపై ఫిర్యాదు చేసే నంబరు 1930కి ఫోన్ చేశాం. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదన్న ఈ ఒక్క ముక్క ప్రకటన పెట్టేచోటే పెద్ద అక్షరాలతో తెలుగులో వేయొచ్చుగా?

కూలర్‌ను చివరికి పక్క వీధి కుర్రాడు నీళ్లు పోసి, ఫ్యాన్ తిప్పి చూసి, రెండొందలు తగ్గించి, నోట్లు చేతిలో పెట్టి పట్టుకెళ్లాడు.

– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ