ఫ్లాట్ తాళాలు తీసుకునే ముందు

అందరికీ నమస్కారం. వచ్చే వారం బిల్డర్ వాళ్లు తాళాలు ఇస్తామంటున్నారు కదా, సంతకం పెట్టేముందు బాత్‌రూమ్‌లు బాగా చూసుకోండి. ఎక్కువ గొడవలు అక్కడే. బకెట్ నీళ్లు గుమ్మరించండి. జాలీ వైపు పోకుండా మూలనో, గుమ్మం దగ్గరో నిలిస్తే నేల వాటం (వాలు) సరిగా లేనట్టే. టైల్స్‌ని రూపాయి బిళ్లతో తట్టండి, డొల్ల మోత వస్తే కింద సిమెంటు పట్టలేదన్నమాట. కిటికీల కింద పెయింట్ ఉబ్బితే చాలావరకు వాన నీరు దిగుతున్నట్టే. పైపైన రంగేస్తామంటే ఒప్పుకోకండి. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) టెస్ట్ బటన్ నొక్కితే కరెంటు పోవాలి.

నోటిమాటగా చెబితే "సరే సార్" అంటారు, అంతే. ఫొటోలతో రాసివ్వండి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం సెక్షన్ 14(3) ప్రకారం, స్వాధీనం చేసిన 5 ఏళ్లలోపు బయటపడ్డ నిర్మాణ లోపాలు చెబితే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. మీ ఫ్లాట్‌లో ఏం తేలిందో ఇక్కడ పెట్టండి, అందరం కలిసి ఒకే లెటర్ ఇద్దాం.