విడదీసి కలిపితే తగువు మళ్లీ మొదటికే

సంపాదకులకు,

అక్వేరియంలో రెండు చేపలు కొట్టుకుంటుంటే నాలుగు రోజులు వేరుచేసి మళ్లీ కలపమని మీ ఆదివారం అనుబంధంలో రాశారు. ఏంజెల్, జీబ్రా సిక్లిడ్, తిలాపియా లాంటి సిక్లిడ్ కుటుంబపు జాతుల్లో ఈ సలహా బెడిసికొట్టవచ్చు.

రెండు మగ సిక్లిడ్‌లను ఒక తొట్టిలో వేస్తే ముందు పక్కపక్కన నిలబడి, రెక్కలు విప్పి, ఒడ్డూ పొడుగూ చూసుకుంటాయి. తోకతో నీళ్లు ఎదుటిదాని మీదికి కొడతాయి. అప్పటికీ తేలకపోతే మూతులు కరుచుకుని తోసుకుంటాయి. చివరికి ఒకటి రెక్కలు ముడిచి మూలకు జరుగుతుంది; నైలు తిలాపియాకైతే కళ్లు నల్లబడతాయి. ఆ తర్వాత గెలిచినదానికి కొరికే పని పెద్దగా ఉండదు. ఇటు తిరిగితే చాలు, రెండోది దారి ఇస్తుంది.

ఇది ఒంటి బలం ఒక్కటే తేల్చేది కాదు. ఓడిన చేప తర్వాత ఎదురుపడిన కొత్త చేపకూ తొందరగా లొంగుతుంది. 2002లో పరిశోధకుడు ఐవన్ చేజ్ బృందం జీబ్రా సిక్లిడ్‌లను నాలుగేసి చొప్పున కలిపి, రెండు వారాలు విడదీసి, మళ్లీ కలిపింది. దేని మీద దేనిది పైచేయి అనే పాత వరుసే తిరిగి వచ్చింది 27 శాతం గుంపుల్లోనే. అంటే మీరు విడదీస్తే కుదిరిన ఒప్పందం కాస్తా చెడిపోవచ్చు.

వాసన సంగతీ ఉంది. మొజాంబిక్ తిలాపియాలో పైచేయి ఉన్న మగది మూత్రం నిల్వచేసుకుని, తగువు వేళ కొంచెం కొంచెంగా వదులుతుంది. ఆ వాసనే ఎదుటిదానికి హెచ్చరిక. నీళ్లు ఎక్కువగా మార్చేస్తే ఇలాంటి గుర్తులు పలచబడతాయి. ఏంజెల్ చేపల్లో సగం నీరు మార్చినప్పటికంటే పావు వంతు మార్చినప్పుడు కొట్లాట తొందరగా సద్దుమణుగుతుంది. కాబట్టి ఒకేసారి పావు వంతుకు మించి మార్చకండి.

కొత్త చేపను వేసేముందు రాళ్లు, మొక్కలు అటూ ఇటూ మార్చండి; పాతదానికి సొంత చోటనే ధీమా తగ్గుతుంది. ఒకదానికొకటి కనపడకుండా మధ్యలో రాళ్ల అడ్డు కట్టి, మేత రెండు చివర్లా వేయండి.

కొట్లాట ఆగినంత మాత్రాన ఓడినది కులాసాగా ఉన్నట్టు కాదు. దాని ఒంట్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను పెరిగే ఉండవచ్చు, తిండి తగ్గి ఎదుగుదల మందగించవచ్చు. రెండు మూడు రోజులు మేత ముట్టకపోయినా, రెక్కలు చిరిగినా వేరే తొట్టికి మార్చండి, తిరిగి తేవద్దు. మగ ఫైటర్ చేపలనైతే అసలు కలపకూడదు. మధ్యలో అవతలిది కనిపించే గాజు పలక పెట్టినా రోజంతా మొప్పలు విప్పుకుని అలిసిపోతాయి. అవతలిది కనిపించని పలక పెట్టాలి.

– ఒక పాఠకుడు, కాకినాడ