పెదవి విరుపు నోటి మాట కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ పత్రికలో ఒక శీర్షిక చూశాను. కొత్త వేళలపై ప్రయాణికులు పెదవి విరుస్తున్నారట. కింద వార్త చదివితే వాళ్లు అర్జీలిచ్చారు, కౌంటరు దగ్గర కేకలేశారు, అధికారిని నిలదీశారు. పెదవి విరిచినవాడు మాత్రం ఒక్కడూ కనబడలేదు.

నాకు వినికిడి పోయి పన్నెండేళ్లు. ఎదుటివాళ్ల పెదాలు చూసే మాట పోల్చుకుంటాను. అందుకే ఈ విషయంలో కాస్త చాదస్తం.

పెదవి విరుపులో మాట ఉండదు. పై పెదవి ఒక పక్కకి లేస్తుంది, ముక్కు పక్కన గీత పడుతుంది, రెప్పపాటులో మళ్లీ మామూలే. అలా ఒకవైపే లేచే పెదవి గురించీ, దాని కింద బయటపడే కోరపన్ను గురించీ డార్విన్ 1872లో రాశాడు. కరవబోయే కుక్క మూతితో పోల్చాడు. మన నాట్యశాస్త్రం పెదవులకు ఆరు కదలికలు చెప్పి, అందులో వివర్తనాన్ని అసూయకూ అవజ్ఞకూ వాడమంది. అవజ్ఞ, అంటే ఎదుటివాణ్ణి లెక్కచేయకపోవడం. అసంతృప్తి వేరు. ప్రయాణికులది అసంతృప్తి.

ఒకసారి ఒక ఆఫీసులో గుమస్తాని 'మళ్లీ చెప్పు నాయనా' అని అడిగాను. అతని పెదవి ఎడమవైపు లేచి దిగింది. పక్కనున్న మనవరాలు, 'ఆయనేమన్నాడు అమ్మమ్మా?' అని కాగితం మీద రాసింది. 'ఏమీ అనలేదు' అని రాశాను. నిజమే, ఏమీ అనలేదు. ఫిర్యాదు చేద్దామన్నా రాయడానికి ఒక్క మాట లేదు. పెదవి విరుపుకున్న సౌకర్యం అదే.

తెలుగులో మాటలకు కరువా? ఛీ అని తోసేస్తే ఈసడింపు. మాటలతో నవ్వులపాలు చేస్తే ఎద్దేవా (దీన్ని మీరు రాజకీయ వార్తల్లో రోజుకి నాలుగుసార్లు అరగదీస్తున్నారు, అది వేరే ఉత్తరం). అలిగితే మూతి ముడుపు. ఉసూరుమన్నప్పుడు పెదవి చప్పరింపు. అన్నిటికీ విరుపే అంటే ఎలా? ఆ మర్నాడే మరో పేజీలో 'పెదవి విప్పని అధికారులు' అని రాశారు. అక్కడ విప్పడమంటే మాట్లాడటమని మీకు తెలుసు. మరి విరవడం దగ్గరికొచ్చేసరికి ఏమైంది?

ప్రయాణికులు మండిపడ్డారనో, గగ్గోలు పెట్టారనో రాస్తే సరిపోయేది.

నా మాట మీద నమ్మకం లేకపోతే, ఆ వార్త రాసిన విలేకరిని ఒకసారి అద్దం ముందు నిలబడి పెదవి విరవమనండి. దాన్ని అలాగే ఉంచి, ప్రయాణికులు అన్నారని రాసిన ఆ నాలుగు వాక్యాలూ పలికి చూడమనండి.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు